సెమిస్టర్ పాఠాలు, పేజీకి 2 రూపాయలు

ఆఖరి పరీక్ష రాసి గేటు దాటగానే చేయాల్సిన మొదటి పని, చదివిందంతా అక్కడే దులిపేసి పోవడం. ఇంటిదాకా మోసుకుపోతే వచ్చే సెమిస్టర్‌కు చోటు మిగలదు. ఈ మాట క్లాసులో ఎవరూ చెప్పరు. లెక్చరర్లు పాఠం చెప్పి ఊరుకుంటారు. దాన్ని ఎట్లా వదిలించుకోవాలో చెప్పే భారం కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు మీద పడింది. ఆ షాపు నాది.

నిజానికి షాపులు మూడు. జనగామలో నాది, మానుకోటలో మా బామ్మర్దిది, భూపాలపల్లిలో మా మేనల్లుడిది. 2016 మా ఇంటిల్లిపాదికీ కలిసొచ్చింది. ఆ ఎండాకాలం డిగ్రీ సీట్లకు దోస్త్ వచ్చింది, దరఖాస్తు ఆన్‌లైన్ అయింది. ఆ విద్యా సంవత్సరమే ఏడాదికొక పరీక్ష పోయి సెమిస్టర్లు వచ్చాయి. మూడేళ్లకు మూడు హాల్‌టికెట్లు తీసుకునే పిల్లలు ఆరు తీసుకోవాల్సి వచ్చింది. ఆ దసరా రోజు, అక్టోబరు 11న, కొత్త జిల్లాలు మొదలయ్యాయి. మా మూడు ఊళ్లూ ఒకే పొద్దున జిల్లా కేంద్రాలయ్యాయి, ఇక కలెక్టరాఫీసుకు పోయే ప్రతి అర్జీకీ రెండు కాపీలు. భూపాలపల్లి జిల్లాకు పెట్టింది జయశంకర్ సారు పేరు. ఎకనామిక్స్ చెప్పినాయన, కాకతీయ యూనివర్సిటీకి వీసీ చేసినాయన. అసుంటి పేరున్న జిల్లాలో మాకూ ఒక షాపు ఉందంటే, చదువు మీద సలహా ఇచ్చే అర్హత ఉన్నట్టే లెక్క.

ఇంకో అర్హత కూడా చెప్పుకోవాలి. మిషన్‌లోంచి కాగితం వేడిగా బయటికొస్తుంటే కన్ను పడకుండా ఉండదు. అట్లా బీఏ, బీకాం, బీజడ్‌సీ, అన్ని గ్రూపులూ నా కంటి ముందు నుంచే పోయాయి. పరీక్ష మాత్రం రాయలేదు. నాకు మార్కులతో పని పడలేదు.

ముందు హాజరు. 75 శాతం ఉండాలని రూలు. ఇది చూసి బెదిరిపోయి మొదటి రోజు నుంచే క్లాసుకు పోయే అమాయకులు ఇంకా ఉన్నారు. గెస్ట్ లెక్చరర్ల ఆర్డర్లు ఆలస్యమైన ఏడాది వాళ్లు పోయి ఎవరి ముందు కూర్చుంటారో నాకు అర్థం కాదు. సారు వచ్చిన ఏడాదైనా అంతే. మూడు నెలలు మొదటి యూనిట్ దగ్గర తిరుగుతారు. చివరి వారంలో మిగతా యూనిట్లన్నీ కలిపి ‘ఇవి రాసుకోండి’ అంటారు. ఆ వారం ఉంటే చాలు. శాతం తక్కువ పడితే కండొనేషన్ ఫీజు కట్టేయండి. పైసలు కడితే వచ్చే హాజరుకు బస్సెక్కే పని కూడా లేదు.

మొదటి సెమిస్టర్ పరీక్షల ముందర పత్తి ఏరుడు వస్తుంది, రెండో సెమిస్టర్‌లో మిర్చి ఏరుడు. దేవరుప్పుల వైపు పిల్లలు, గూడూరు వైపు పిల్లలు అప్పుడు కాలేజీలో కనబడరు. వాళ్లను చూసి జాలిపడొద్దు. చేనుకు పోయినవాడు కైకిలి తెచ్చుకున్నాడు, క్లాసుకు పోయినవాడు మొదటి యూనిట్ తెచ్చుకున్నాడు. ఏది ఖర్చుకొస్తుందో మీరే చూసుకోండి.

అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక మాట. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో మీకు టికెట్ పైసలు లేవు. కాబట్టి పొద్దున బయల్దేరేటప్పుడు పుస్తకం మర్చిపోయినా ఫరవాలేదు, ఆధార్ కార్డు మర్చిపోవద్దు. కండక్టర్ ప్రతిరోజూ అడుగుతాడు. పుస్తకం ఏదని అడిగిన లెక్చరర్ గురించి మా షాపులో ఎవరూ చెప్పగా వినలేదు. ఆధార్ లామినేషన్ మా దగ్గర చేయించుకోవచ్చు.

క్రెడిట్ అంటే ఏమిటని కొందరు పిల్లలు ఆరో సెమిస్టర్‌లో వచ్చి అడుగుతారు. అంత ముందే తెలుసుకోవాల్సిన అవసరం లేదు గానీ, అడిగారు కాబట్టి చెప్తాను. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టర్ అంతా పాఠం వింటే ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒకటి. ఎంత నేర్చుకున్నావన్నది అందులో లేదు, ఎంతసేపు కూర్చున్నావన్నదే ఉంది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ఎంఈడీ అమ్మాయి స్పైరల్ బైండింగ్‌కు ఇచ్చిన కాగితాల్లో చదివాను. 1906 ప్రాంతంలో అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ వాళ్లు కాలేజీ ప్రొఫెసర్లకు పెన్షన్ ఇవ్వబోయారట. ఏ కాలేజీకి ఇవ్వాలి, ఏ కాలేజీకి వద్దు అని తేల్చడానికి ఒక కొలత కావాల్సి వచ్చింది. చేరే పిల్లలు హైస్కూల్లో ఒక్కో సబ్జెక్టుకు ఎన్ని గంటలు కూర్చున్నారో చూడమన్నారు. 120 గంటలైతే ఒక యూనిట్. ముసలి ప్రొఫెసర్ల పెన్షన్ కోసం పుట్టిన గంటల లెక్క తిరిగి తిరిగి మన బచ్చన్నపేట పిల్లగాడి మార్కుల మెమోలోకి వచ్చి కూర్చుంది. నాకైతే చాలా ముచ్చటేసింది. ఆ అమ్మాయికి చెబితే, ‘అవునా అన్నా, ఏ పేజీల ఉంది?’ అన్నది.

మీ సెమిస్టర్ పద్ధతి పేరులోనే మీ ఇష్టం ఉంది, చాయిస్ బేస్డ్ అని. ఇష్టంగా ఎంచుకోండి. ఏ పేపరుకు లెక్చరర్ ఉన్నారో కనుక్కొని, దానికి మా దగ్గర గైడు ఉందో లేదో చూసి, ఉన్నదాన్ని ఇష్టపడండి.

ఇక చదువు. ఏం చదవాలని అడిగేవాడు ఎప్పటికీ బాగుపడడు, ఏం వదలాలని అడగాలి. తెలుగు అకాడమీ పుస్తకం కొనవద్దు. లావుగా ఉంటుంది, అందులో కారణాలు ఉంటాయి. కారణాలు చదివితే ప్రశ్నలు పుడతాయి. పరీక్షలో ప్రశ్నలు వాళ్లే ఇస్తారు, మీరు తెచ్చుకోవాల్సిన పని లేదు. గైడులో అయితే కారణాలుండవు, పాయింట్లుంటాయి. పాయింట్లను చిన్న అక్షరాలకు దించి అరచేతిలో పట్టేట్టు చేసే విద్య గురించి ఇక్కడ రాయను. షాపుకొచ్చి అడగండి.

మొన్న సెమిస్టర్‌లో ఒక పిల్లగాడు తెలంగాణ సాయుధ పోరాటం ఆన్సరు జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చాడు. కడవెండి వాడు. గైడులో ఆ ఊరి పేరు ఒక్క వరుసలో ఉంది. 1946 జూలై 4, కడవెండి, దొడ్డి కొమరయ్య, తర్వాత ఫుల్‌స్టాప్. ‘ఇది మీ ఊరే కదరా’ అన్నాను. ‘అవునన్నా, స్తూపం ముంగటనే మా బస్సు ఆగుతది’ అన్నాడు. వాళ్ల నాయనమ్మ తన అత్త నోట విన్న ముచ్చట్లు చెప్తూ ఉంటుందట. విసునూరు దొర మనుషులు ఎట్లా వచ్చేవాళ్లు, ఊరోళ్లు ఎవరింట్లో దాక్కున్నారు, దొర మనుషులు ఎవరి వడ్లు ఎత్తుకపోయారు, అన్నీ.

నాకు భయమేసింది. వెంటనే హెచ్చరించాను. పరీక్షల ముందు ఆమె దగ్గర కూర్చోవద్దు. మొదటి కారణం, ఆమె పాయింట్లుగా చెప్పదు. రెండోది, ఆమె మధ్యలో ఏడుస్తుంది, ఏడుపుకు మార్కులు కేటాయించలేదు. మూడోది అసలు ప్రమాదం. విన్నదంతా రాస్తే ఒక్క ప్రశ్నకే బుక్‌లెట్ నిండిపోతుంది, మిగతావి ఎప్పుడు రాస్తావు? వాడు నా మాట విన్నాడు. గైడులో ఉన్న నాలుగు పాయింట్లూ మూడు ఫలితాలూ బట్టీ పట్టి పోయాడు. అదే ప్రశ్న వచ్చిందట కూడా.

పాలకుర్తి పిల్లలకు ఇదే పద్ధతి. అదే పోరాటంలోని ఐలమ్మది వాళ్ల ఊరే. 2024లో కోఠి మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టారు కాబట్టి ఇక ఆమె ఇంపార్టెంట్, టిక్కు పెట్టుకోండి. బమ్మెర కూడా ఆ మండలమే, పోతన కూడా ఇంపార్టెంటే. కాకపోతే కవి కాలం, కావ్యం, బిరుదు, ఈ మూడూ చాలు. పద్యం నోటికి వస్తే తర్వాత పోగొట్టుకోవడం కష్టం. కొందరు ముసలాళ్లకు ఎనభై ఏళ్లు దాటినా పోలేదు, మా ఇంట్లోనే ఉన్నారు.

ఇప్పుడు బీకాం పిల్లలు దగ్గరికి రండి. ఇది మానుకోటలో మా బామ్మర్ది షాపులో జరిగిన సంగతి, నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఫైనాన్షియల్ అకౌంటింగ్ అసైన్‌మెంట్ కోసం ఒక అమ్మాయి వచ్చింది. జర్నల్ ఎంట్రీలు, లెడ్జరు, ట్రయల్ బ్యాలెన్సు. ముంబైలో ఎవరో ఫర్నిచర్ అమ్ముతాడు, ఇంకెవరో అరువు మీద కొంటాడు, చివరికి రెండు వైపులా సమానం అవుతుంది. అది తీయించుకున్నాక బ్యాగులోంచి ఇంకో కాగితం తీసి, ‘దీనిది కూడా ఒక కాపీ అన్నా, బ్యాంకుల ఇయ్యాలె’ అన్నది. వాళ్ల నాయిన మిర్చి అమ్మిన తక్‌పట్టీ.

ఒక కాగితం తర్వాత ఒకటి మిషన్‌లోంచి వచ్చాయి కాబట్టి రెండూ ఒకే చూపులో చదివాను. మొదటి దాంట్లో డెబిట్, క్రెడిట్ అని చక్కగా గీతలు. రెండో దాంట్లో బస్తాలు, తూకం, ధర, దాని కింద అడ్తిదారు కమీషన్, హమాలీ, దడువాయి, తరుగు, ఎప్పుడో తెచ్చిన అడ్వాన్సు, దాని మిత్తి. అన్నీ పోను ఏం మిగిలిందో అంకె ఒకటి, దాని చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీత. అకౌంటింగ్ పుస్తకంలో తేడా వస్తే సస్పెన్స్ అకౌంట్‌లో వేయమంటారు. తక్‌పట్టీలో తేడా వస్తే రైతు తన అప్పులో వేసుకుంటాడు. ఇంతకన్నా ఫరక్ నాకు కనబడలేదు.

ఆ అమ్మాయి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తూ నిలబడింది. ఇక్కడే పెద్దవాళ్లు జోక్యం చేసుకోవాలి. ‘బిడ్డా, ఇది సిలబస్‌లో లేదు’ అన్నాను. తక్‌పట్టీ చదవడం మొదలుపెడితే ఆగదు. ఇవాళ దడువాయి అంటారు, రేపు మిత్తి ఎంత శాతమని అడుగుతారు, ఎల్లుండి నాయినతో పాటు యార్డుకు పోతానంటారు. యార్డులో చదువుకున్న పిల్లలు నిలబడితే అక్కడివాళ్ల పని నెమ్మదిస్తుంది. ఇంటర్నల్‌కు 20 మార్కులే ఉన్నాయి, అవి ముంబై ఫర్నిచర్‌కే వస్తాయి. బ్యాంకు కాగితం బ్యాంకు ఫోల్డర్‌లో, కాలేజీ కాగితం కాలేజీ ఫోల్డర్‌లో పెట్టి పంపించాను. ఫోల్డర్లు మా బామ్మర్ది దగ్గరే కొన్నది.

కమ్యూనికేషన్ స్కిల్స్ గురించి క్లుప్తంగా చెప్తాను. కొత్తగూడ, గంగారం వైపు తండాల నుంచి వచ్చే పిల్లలకు ఇంట్లో గోర్ బోలి, బజార్లో తెలుగు, అంగట్లో సేట్లతో హిందీ నడుస్తుంది. ఇన్ని భాషల్లో బేరమాడగలిగే పిల్లకు కమ్యూనికేషన్ రాదని సర్టిఫికెట్ పేపరు చెప్తుంది. పేపరు మాటే నమ్మండి. ఉన్న మూడు భాషలనూ నోట్లోనే అదిమిపెట్టి, ‘మైసెల్ఫ్’ అని మొదలయ్యే నాలుగు ముక్కలు కంఠతా పట్టండి. హాబీలు ఏమిటంటే వాచింగ్ క్రికెట్, లిజనింగ్ మ్యూజిక్ అనాలి. మిర్చి ఏరడం హాబీ కాదు.

భూపాలపల్లిలో మా మేనల్లుడికి ఎక్కువ గిరాకీ పర్యావరణం పేపరు తెచ్చిపెడుతుంది. ఏ గ్రూపు వాళ్లైనా అది రాయాల్సిందే. 1991 నవంబరు 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణం తప్పనిసరిగా చదివించమన్నది, అందుకని. కోర్టు చదివించమన్నది గానీ చూడమనలేదు, ఈ తేడా గుర్తుపెట్టుకోండి. ప్రాజెక్టు రిపోర్టు అడిగితే నెట్‌లోంచి గంగానది కాలుష్యం దించుకోండి, రంగు ఫొటోలతో సహా వస్తుంది. భూపాలపల్లి పిల్లలు సగానికి సగం గంగ గురించే రాస్తారు. పక్కనే కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది గానీ దాని మీద రెడీమేడ్ పీడీఎఫ్ లేదు.

ఒకసారి ఒక పిల్లగాడు తప్పుదారి పట్టబోయాడు. వాళ్ల నాయిన బొగ్గుబాయి కార్మికుడు. ఊరి పక్క గనుల్లో బొగ్గు తీస్తారు, చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు ఉన్నాయి, అక్కడ కాలుస్తారు. మరి బూడిద ఎంత వస్తుంది, ఎటు పోతుంది, నాయిన దగ్గు సంగతేంటి, ఇవి రాస్తానన్నాడు. మా మేనల్లుడు తెలివైనవాడు. ‘తమ్మీ, ఫ్లై యాష్ 5 మార్కుల ప్రశ్న, ఆన్సరు ఇక్కడుంది’ అని పేజీ చూపించాడు. నాయినను అడిగితే ఆన్సరు మారిపోతుంది, మారిన ఆన్సరును దిద్దే సారు గుర్తుపట్టడు. చివరికి వాడు కూడా గంగే తీసుకున్నాడు.

జవాబు పత్రం రాసే పద్ధతికి పెద్దగా చెప్పేదేమీ లేదు. మార్జిన్ వెడల్పుగా వదలండి. హెడ్డింగ్ కింద స్కెచ్‌పెన్‌తో గీత గీయండి, కొటేషన్‌లాగా కనబడే వాక్యం ఒకటి మీరే తయారుచేసి దాన్ని ఎవరో గొప్పవాళ్ల మీదికి నెట్టండి. తెలియని ప్రశ్నకు ‘పరిచయం’ అనీ ‘ముగింపు’ అనీ రాసి మధ్యలో ప్రశ్ననే మూడు రకాలుగా తిప్పండి. ఫెయిలైతే రీవాల్యుయేషన్ ఉంది, ఆ అప్లికేషన్ కూడా మా దగ్గరే నింపుతాం. బ్యాక్‌లాగ్ ఉన్నవాడికి సీనియర్లతోనూ పరిచయం ఉంటుంది, జూనియర్లతోనూ ఉంటుంది. ఏ సప్లీ లేనివాడు మూడేళ్లూ ఒకే బ్యాచి ముఖాలు చూసి పోతాడు, పాపం.

సర్టిఫికెట్ల గురించి చాలామంది తల్లిదండ్రులు వచ్చి లొల్లి పెడతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ పడిందని 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ కాలేజీలు మూసుకొని కూర్చున్నాయి, గుర్తుండే ఉంటుంది. సర్కారు ఇవ్వలేదని యాజమాన్యం, యాజమాన్యం ఇవ్వదని పిల్లలు. పైసలు కట్టి టీసీ, మెమోలు తీసుకుపొమ్మంటే తల్లిదండ్రులు అప్పు కోసం తిరుగుతారు. ఎందుకు? ఇంట్లో ఎలుకలుంటాయి, వానాకాలం పైకప్పు కారుతుంది. కాలేజీ బీరువాకు తాళం ఉంది. మీ డిగ్రీ అంత భద్రంగా ఇంకెక్కడా ఉండదు, అక్కడే ఉండనివ్వండి. ఉద్యోగం వాళ్లు ఒరిజినల్స్ అడిగితే, ఉద్యోగమే మార్చుకోండి.

మిగిలింది ఫీడ్‌బ్యాక్ ఫారం. న్యాక్ వాళ్లు వచ్చే ఏడాది దీనికి గిరాకీ ఎక్కువ, కట్టలు కట్టలుగా ప్రింటు తీస్తాం. పాఠ్యాంశం ఎట్లా ఉంది, బోధన ఎట్లా ఉంది, లైబ్రరీ ఎట్లా ఉంది, అన్నిటికీ ‘చాలా బాగుంది’ గడిలో టిక్కు పెట్టండి. ప్రశ్న చదవకుండా పెట్టాలి. చదివితే చెయ్యి ఆగుతుంది. ఒక ఫారం నింపడానికి ఎంతసేపు పడుతుందో చూసి, క్లాసు మొత్తానికి ఒకరే నింపడం మేలు. రాత ఒకే రకంగా ఉంటే క్రమశిక్షణ ఉన్న కాలేజీ అనుకుంటారు.

ఇబ్బంది అల్లా చివరి గడితోనే. ‘ఈ సెమిస్టర్‌లో మీరు ఏమి నేర్చుకున్నారు?’ అని అడిగి, కింద రెండు గీతలు వదిలారు. టిక్కు పెట్టడానికి లేదు. పిల్లలు అక్కడ ఆగిపోయి పెన్ను కొరుకుతున్నారని నేనే ఒక ఆన్సరు తయారుచేసి కౌంటర్ అద్దానికి అంటించాను. ‘క్రమశిక్షణ, సమయపాలన, జట్టుగా పనిచేయడం, ఆత్మవిశ్వాసం నేర్చుకున్నాను.’ గ్రూపు ఏదైనా సరిపోతుంది. జనగామలో రాశారు, ఫొటో పంపితే మానుకోటలో రాశారు, భూపాలపల్లిలో రాశారు. ఎవరికీ ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం రాలేదు.

ఒక్క ఫారమే తేడా కొట్టింది. మా బామ్మర్ది ఫోన్ చేసి చదివి వినిపించాడు. ఆ మిర్చి తక్‌పట్టీ అమ్మాయిదే. రెండు గీతలూ చాలక మార్జిన్‌లోకి ఎక్కించి రాసిందట. తరుగు తూకంలో ఒకసారి తీసిండ్రు, పైసలల్ల ఇంకొకసారి తీసిండ్రు, నిరుడు కాగితం కూడా చూసిన, అప్పుడూ అట్లనే ఉంది, ఈసారి యార్డుకు నేనే పోత.

‘ఏం చేయమంటవ్ బావా?’ అన్నాడు.

ఇందులో ఆలోచించేదేముంది? క్రమశిక్షణ లేదు, సమయపాలన లేదు, మార్జిన్ కూడా పాడైంది. పిలిచి కొత్త ఫారం ఇయ్యమన్నాను. 2 రూపాయలు తీసుకోమన్నాను. అడిగాడట. తనకు చిల్లర రావాల్సింది ఇంకా 2 రూపాయలుందని, జిరాక్సులకు ఒక పేజీ ఎక్కువ లెక్కగట్టాడని, ముందు అది ఇవ్వమని అన్నదట.